డాలుకు కుడివైపు

కంప్యూటర్ ముందు కూర్చుని కంపెనీలకు గుర్తులు గీసే పిల్లలు ఇప్పుడు మా వీధిలోనే నలుగురున్నారు. ఈమధ్య వాళ్ళలో ఒకరు నన్ను అడిగారు: "ఇన్నేళ్ళు అచ్చులు చెక్కారు కదండీ, మీకు బాగా పేరు తెచ్చిన పని ఏది?" పేరు తెచ్చిన పనుల గురించి చెప్పడం నాకు బాగా వచ్చు. మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా అవే చెప్పేవాణ్ణి. చివర్లో దేవుణ్ణి స్తుతించినా, మధ్యలో నన్ను నేను కాస్త స్తుతించుకునేవాణ్ణి. అందుకే ఈసారి పేరు పోగొట్టుకున్న పని గురించి రాస్తున్నాను. మీకు ఉపయోగపడేది అదే.

నేను బందరులో రోల్డ్ గోల్డ్ నగలకు అచ్చులు చెక్కిన మనిషిని. ఉక్కు దిమ్మలో బొమ్మను లోపలికి తవ్వుతాం. దాని మీద రాగి రేకు పెట్టి ప్రెస్సులో కొడితే బొమ్మ పైకి తేలుతుంది. మీరు ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. అచ్చులో కుడివైపు చెక్కింది రేకు మీద ఎడమవైపు వస్తుంది. అందుకని కాగితం మీద ఉన్న బొమ్మను ఎప్పుడూ తిప్పి చెక్కుతాం. చెక్కాక మైనం ముద్ద అచ్చు మీద నొక్కి తీసి, కాగితం పక్కన పెట్టి చూస్తాం. రెండూ ఒకేలా ఉంటే పని సరిగ్గా వచ్చినట్టు. ఆ తర్వాతే అచ్చును కొలిమిలో కాల్చి గట్టిపరుస్తాం.

నా ఆఖరి ఏళ్ళలో మా వర్క్‌షాపుకు నగల పని తగ్గి, స్కూళ్ళ మెడల్సూ కంపెనీల బ్యాడ్జీలూ ఎక్కువయ్యాయి. బొమ్మలు గీయడానికి ఓనరుగారు ఘంటసాల ఊరి నుంచి ఒక అమ్మాయిని పెట్టుకున్నారు. చల్లపల్లిలో బస్సు మారి రోజూ వచ్చి వెళ్ళేది. భర్త పోయాక ఇంట్లో సంపాదించే మనిషి ఆవిడే. నన్ను 'బాబాయ్ గారూ' అనేది. ముప్పై దాటిన మనిషే అయినా నేను 'అమ్మాయ్' అనే పిలిచేవాణ్ణి.

ఒకరోజు ఓనరుగారు ఫోను పెట్టేసి మా దగ్గరకొచ్చారు.

"మాస్టారూ, గుడివాడ నుంచి ఎవరో కోటు కావాలంటున్నారు. మనం కోట్లు కుడతామా అని అడిగితే తిట్టాడు."

"కోటు కాదు సార్, కోటాఫ్ ఆర్మ్స్ అయ్యుంటుంది," అంది అమ్మాయి. "డాలు మీద బొమ్మలుంటాయి చూడండి. మన ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధుల మీద కూడా చెక్కారు."

అదే. అడిగినవాళ్ళు ఇద్దరు, వరసకు బావలు. ఒకాయనకు గుడివాడలో రైసుమిల్లు. రెండో ఆయనకు దివిసీమలో రొయ్యల చెరువులు. మొదట్లో ఇద్దరికీ పడేది కాదట. చెరువుల ఉప్పునీరు మా పొలాల్లోకి ఊరుతోందని వరి రైతుల తరఫున గుడివాడ ఆయన, కాలవ నీళ్ళన్నీ పైనే మీరు తాగేస్తే చివరనున్న మాకేం వస్తాయని దివిసీమ ఆయన, కొన్నేళ్ళు పంచాయితీలు పెట్టుకున్నారు. చివరికి అలసిపోయి, రెండు వ్యాపారాలూ కలిపి ఒకే కంపెనీ పెట్టారు. దానికి గుర్తు కావాలి. లోగో కాదు, డాలు మీదే కావాలి.

మా వర్క్‌షాపులోనే కూర్చున్నారు ఇద్దరూ. గుడివాడ ఆయన ముందు సింహం అన్నారు.

"గుడివాడలో సింహం ఎక్కడ చూశావు బావా? మీ మిల్లులో పిల్లి తప్ప ఏముంది?" అన్నారు దివిసీమ ఆయన.

"అయితే ఓడ పెట్టండి. బందరు పోర్టు కడుతున్నారుగా."

"ఓడ వద్దు. పేరులోనే ఓడిపోవడం ఉంది."

అలా అన్నీ కొట్టేసుకుంటూ పోగా మిగిలింది వరికంకి, రొయ్య. అమ్మాయి అప్పటికప్పుడు గీసి చూపించింది. కంకి నిటారుగా, రొయ్య గుండ్రంగా. ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు.

"తలెత్తుకుని నిలబడిందంటే అది తాలు కంకి తల్లీ. గింజ పడితే వంగుతుంది," అన్నారు గుడివాడ ఆయన.

"రొయ్య ముడుచుకుందంటే అది కూరలో ఉన్న రొయ్య. బతికున్నది తిన్నగా సాగి ఉంటుంది," అన్నారు దివిసీమ ఆయన.

కాబట్టి కంకి వంగింది, రొయ్య సాగింది. కింద మూడు అలలు గీశాం. అది కాలవ. కాలవ కింద రెండు మాటలు: 'ఒకటే నీరు'. ఆ మాటలు అమ్మాయివే. వాటిని మాత్రం బావలిద్దరూ మార్చమనలేదు.

నాకు ఆ పని మీద గౌరవం పుట్టింది అప్పుడే. బైబిలు కాలంలో ప్రధాన యాజకుడు, అంటే పెద్ద పూజారి, దేవుని సన్నిధిలోకి వెళ్ళేటప్పుడు తన గోత్రాలవాళ్ళ పేర్లన్నీ రాళ్ళ మీద చెక్కించి రొమ్మున మోసుకుని వెళ్ళేవాడని చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి. రొమ్ము మీద పెట్టుకునే గుర్తు అలంకారం కాదు; ఎవరి తరఫున నిలబడ్డావో చెప్పడం. మా సంఘంలో ఒక పెద్దాయన ఆపి అడిగారు కూడా, "రొయ్య బొమ్మ చెక్కుతున్నావంటగా బ్రదర్, ప్రతిమలు చెయ్యకూడదని తెలీదా?" అని. "మొక్కడానికి కాదు బ్రదర్, చొక్కాకి పెట్టుకోడానికి," అన్నాను. ఆయనకు తృప్తి కలగలేదు. నాకు కలిగింది.

ఇక మిగిలింది ఒకే ప్రశ్న. డాలులో కుడి సగం ఎవరిది? గౌరవం కుడివైపుదే. ఫ్యాక్టరీ దివిసీమలో పెట్టడానికి గుడివాడ ఆయన ఒప్పుకున్నారు. అందుకు బదులుగా కుడివైపు వరికే ఇవ్వాలని పట్టుబట్టారు. నీళ్ళు ముందు తాగేది వరేనన్నారు. రెండోరోజుకు దివిసీమ ఆయన సరే అన్నారు.

"కుడి అంటే చూసేవాళ్ళ కుడి కాదండీ, డాలు పట్టుకున్నవాడి కుడి. ఎదురుగా చూసేవాళ్ళకి ఎడమవైపు కనిపిస్తుంది. అదీ రూలు," అంది అమ్మాయి.

నేనూ బలపరిచాను. తీర్పు దినాన నీతిమంతులు నిలబడే కుడివైపు కూడా సింహాసనం మీద కూర్చున్నవాడి కుడే కదా అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. ఆ ప్రకారం గీసిన బొమ్మను వాట్సాప్‌లో పంపితే ఇద్దరూ బొటనవేలు గుర్తు పెట్టారు.

రెండురోజుల తర్వాత అచ్చుకు సరిపడా కొలతల్లో బొమ్మ ప్రింటు నా బల్ల మీదికొచ్చింది. నేనప్పుడు లేను. కాగితం పైన పెన్సిల్‌తో రాసి ఉంది: 'తిప్పి పంపాను బాబాయ్ గారూ, చూసుకోండి.'

మా వైపు తిప్పి పంపడమంటే వెనక్కి పంపడం. బొమ్మ పార్టీకి పంపి, వాళ్ళు చూసి ఒప్పుకున్నాక వెనక్కి వచ్చిందని నేను చదువుకున్నాను. అమ్మాయి రాసిందేమో అక్షరాలా తిప్పానని. నాకు పని తేలికవుతుందని కంప్యూటర్లోనే బొమ్మను అటుదిటు ఇటుదటు చేసి ఇచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెక్కితే చాలు. కానీ ముప్పైనాలుగేళ్ళుగా నాకు ఎవ్వరూ తిప్పిన బొమ్మ ఇవ్వలేదు. నేను మళ్ళీ తిప్పి చెక్కాను.

మైనం నొక్కి కాగితం పక్కన పెట్టి చూస్తే రెండూ ముమ్మూర్తులా ఒకటే. ఎందుకుండవు? కాగితమే తిరగబడి ఉంది. కంపెనీ పేరూ, 'ఒకటే నీరు' అన్న మాటలూ ఆ ప్రింటులో లేవు, అక్షరాలను విడిగా ఉక్కు పోగరలతో, అంటే కొసన అక్షరం ఉన్న ఉలుల్లాంటి వాటితో, కొడతాం కాబట్టి. అక్షరాలు ఉండి ఉంటే తిరగబడ్డాయని పసిపిల్లలు కూడా చెప్పేవాళ్ళు. కంకికీ రొయ్యకూ నోరు లేదు.

శనివారం పొద్దున బ్యాడ్జీ బిళ్ళలన్నీ దివిసీమ ఫ్యాక్టరీకి చేరాయి. మధ్యాహ్నానికి గుడివాడ ఆయన ఫోను. స్పీకర్ పెట్టకుండానే ప్రెస్సు దాకా వినిపించింది. రొయ్య కుడివైపుకెలా వచ్చింది? ఎవరు జరిపించారు? బావేనా? వచ్చే శుక్రవారం ప్రారంభోత్సవం, ఈ బిళ్ళ పెట్టుకుని నేను స్టేజీ ఎక్కను, అసలు కలిసి ఉండటం గురించే ఆలోచించుకోవాలి.

ఓనరుగారు ఫోను పెట్టేసి అమ్మాయి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళారు. తిప్పిన బొమ్మ అందులో ఉంది.

"ఇదిగో! నీ దగ్గరే తిరగబడి ఉంది!"

"అచ్చు కోసం తిప్పానండి. కాగితం మీద రాశాను కూడా."

"మాస్టారు ఎప్పుడూ తిప్పే చెక్కుతారని తెలీదా నీకు? రాశావా? ఏదీ ఆ కాగితం?"

అమ్మాయి నా వైపు చూసింది.

ఆ కాగితం నా పనిముట్ల పెట్టెలో ఉంది. ఫోను వచ్చిన వెంటనే తీసి చదివాను. ఈసారి సరిగ్గా అర్థమైంది. మడిచి, ఉలుల కింద పెట్టాను. ఇప్పుడు ఓనరుగారు అడుగుతున్నారు, అమ్మాయి చూస్తోంది, ప్రెస్సు కొట్టే భాయ్ చెయ్యి ఆపి వింటున్నాడు.

"ఎక్కడ పెట్టానో చూడాలండి," అన్నాను.

అబద్ధం కూడా కాదు, చూశారా? చూడాలి అన్నాను అంతే. ఇన్నేళ్ళు వాక్యం చదివినవాడికి అబద్ధం కాని అబద్ధం ఎలా ఆడాలో బాగా తెలుస్తుంది.

ఓనరుగారు అమ్మాయిని సోమవారం నుంచి రావద్దన్నారు. ఆవిడ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, కంప్యూటర్ కట్టేసి, నా బల్ల పక్కనుంచి వెళ్ళిపోయింది.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం, మాకు ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన. బల్ల దగ్గరికి చెయ్యి చాపే ముందు ఎవర్ని వాళ్ళు పరీక్షించుకోవాలి. సంఘ పెద్దగా రొట్టె పళ్ళెం వరసల్లో తిప్పాల్సింది నేనే. ఆరోజు లేవలేనని చెప్పి మా ఆవిడ పక్కన కూర్చున్నాను. పళ్ళెం వచ్చింది. తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించాను. గిన్నె వచ్చింది. దాన్నీ అందించాను. బాప్తిస్మం పుచ్చుకున్నాక అలా చేయడం అదే మొదలు.

"ఒంట్లో బాగోలేదా?" అంది మా ఆవిడ గుసగుసగా.

"ఒళ్ళు బాగానే ఉంది."

ఆవిడ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పాటల పుస్తకం మూసేసింది. ఇంటికొచ్చాక అంతా చెప్పాను. నా తప్పేమీ లేదు, ఆ మాటకు రెండర్థాలున్నాయి అని కూడా చెప్పాను. ఆవిడ అన్నం వడ్డిస్తూ అంది: "తిప్పి చెక్కడం తప్పు కాకపోవచ్చు. కాగితం ఉలుల కింద పెట్టడానికి ఎన్ని అర్థాలున్నాయి?"

సోమవారం ఓనరుగారి కారులో దివిసీమ బయల్దేరాం. కాగితం నా జేబులో ఉంది. దారిలో ఆయన తన ఉపాయం చెప్పారు.

"కుడి అంటే చూసేవాళ్ళ కుడేనని చెప్పేద్దాం మాస్టారూ. అప్పుడు కంకి కుడివైపున్నట్టే. రూలు అమ్మాయి నెట్‌లో తప్పుగా చదివిందని మీరు చెప్పండి. మీరు చర్చి పెద్ద, మీ మాట ఎవరూ కాదనరు. గుడివాడ ఆయనా సంతోషిస్తాడు. గొడవుండదు."

"అమ్మాయి?"

"ఆ అమ్మాయిని ఎలాగూ తీసేశాంగా."

నాకు అప్పుడు భయం పోయింది. ధైర్యం వచ్చిందని చెప్పను. నా పేరు ఎందుకు పనికొస్తోందో కళ్ళకు కట్టినట్టు కనిపించింది, అంతే. అలా పనికొచ్చే పేరును దాచుకునే ఓపిక నాకు లేకపోయింది.

"నేను ఆ మాట చెప్పనండి," అన్నాను. ఆయన కారు పక్కకు తీసి ఆపారు. ఏం చెబుతారు మరి అని అడిగారు. జరిగింది చెబుతానన్నాను. వర్క్‌షాపు మునిగిపోతుందన్నారు. మీరు ఇక్కడే దింపేసినా బస్సెక్కి వెళ్ళి చెప్పి వస్తానన్నాను. ఆయన స్టీరింగు మీద చేత్తో ఒక్కటి కొట్టారు. తర్వాత కారు కదిలించారు.

ఫ్యాక్టరీలో బావలిద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

"నేనే చెప్పి చేయిస్తే రొయ్యను జరపడంతో ఆగను, కంకినే తీయించేవాణ్ణి కదా బావా," అంటున్నారు దివిసీమ ఆయన.

నేను నిలబడే చెప్పాను. కాగితం తీసి బల్ల మీద పెట్టాను. అమ్మాయి గీసిందీ సరే, రాసిందీ సరే, తప్పుగా చదివింది నేను, తిప్పినదాన్ని మళ్ళీ తిప్పింది నేను.

గుడివాడ ఆయన కాగితాన్ని దూరంగా పెట్టుకుని చదివారు. "తిప్పి పంపాను... అంటే వెనక్కి పంపాననేగా?"

"మరి! పోయిన పంటకి ఎరువు బస్తాలు తిప్పి పంపలేదూ నువ్వు? వాటిని తలకిందులు చేసి పంపావా?" అన్నారు దివిసీమ ఆయన. గుడివాడ ఆయనకు నవ్వు రాబోయి ఆగింది. కాగితం కింద పెట్టి నా వైపు చూశారు.

"సరే, పొరపాటు. శనివారం నేను ఫోన్ చేసినప్పుడు ఈ కాగితం ఎక్కడుంది?"

నేను రాకూడదనుకున్న ప్రశ్న అదే.

"నా పెట్టెలో ఉందండి. చదివాను. దాచాను."

"ఎందుకు?"

"అమ్మాయి పేరు పోయినా నా పేరు మిగులుతుందనుకున్నాను."

గుడివాడ ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు.

"శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి సరైన బిళ్ళలు ఇక్కడుండాలి. మీరే చెక్కండి. కానీ చూసి ఒప్పుకోవాల్సింది ఆ అమ్మాయి. ఆవిడ ఊ అనకపోతే నేను ఊ అనను."

తిరుగుదారిలో చల్లపల్లి దగ్గర దిగి ఘంటసాల వెళ్ళాను. అమ్మాయి అరుగు మీద మినప్పప్పు చెరుగుతోంది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. జరిగిందంతా చెప్పి, క్షమించమన్నాను.

"శనివారం మీ వైపు ఎందుకు చూశానో తెలుసా బాబాయ్ గారూ? మీరు చెబుతారని. వేరేవాళ్ళైతే చూసేదాన్నే కాదు."

"తెలుసమ్మా."

"మీ సంఘంలో సాక్ష్యం చెబుతారటగా. ఇది చెబుతారా?"

"చెబుతాను."

"చెప్పాక ఎంతమంది మెచ్చుకున్నారో నాకు చెప్పకండి." చేట పక్కన పెట్టింది. "రేపు వస్తాను. మైనం నేనే నొక్కి చూస్తాను. నేను చూడందే అచ్చు కొలిమిలో పెట్టకూడదు. ఓనరుగారితో కూడా చెప్పండి, నన్ను పిలిపించింది మీరూ కాదు, ఓనరుగారూ కాదు, గుడివాడ ఆయనని."

చెప్పాను. మంగళ, బుధ, గురువారాలు నేను చెక్కుతుంటే ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. కంకిలో ఒక గింజ లోతు తగ్గిందని రెండుసార్లు చెక్కించింది. రొయ్య మీసం మరీ మందంగా ఉందంది. ఇన్నేళ్ళ చెయ్యి కదా, మొదటిరోజు నాకు ఉక్రోషం వచ్చింది. "నాకు నేర్పుతున్నావా అమ్మాయ్?" అన్నాను. "అవునండీ," అంది. రెండోరోజు నుంచి చెప్పింది చెప్పినట్టు చేశాను. గురువారం మధ్యాహ్నం మైనం తీసి, వాట్సాప్‌లో అందరూ ఒప్పుకున్న బొమ్మ పక్కన పెట్టి చూసుకుని, "ఇప్పుడు కాల్చండి," అంది. సాయంత్రానికి భాయ్ బిళ్ళలన్నీ కొట్టేశాడు. ఓనరుగారు ఆ మూడురోజులూ ఆవిడతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఏం కావాలన్నా నాకు చెప్పి చెప్పించేవారు.

శుక్రవారం తొమ్మిదికి ముందే ఫ్యాక్టరీలో ఉన్నాం. గుడివాడ ఆయన పెట్టెలోంచి ఒక బిళ్ళ తీసి తెల్లచొక్కాకు పెట్టుకున్నారు. వాష్‌బేసిన్ మీద అద్దంలో చూసుకుని, అంత మందిలో కేక పెట్టారు.

"మాస్టారూ! మళ్ళీ తిరగబడిందేంటండీ? రొయ్య అటే ఉంది!"

దివిసీమ ఆయన కుర్చీలోంచి లేచారు. అందరూ నా వైపు చూశారు. జవాబు నాకు తెలుసు. అద్దం తిప్పి చూపిస్తుందని నాకంటే బాగా తెలిసినవాడు ఆ జిల్లాలో ఉండడేమో. నోటిదాకా వచ్చింది.

"నన్ను కాదండీ," అన్నాను. "అమ్మాయిని అడగండి."

అమ్మాయి ముందుకొచ్చింది. "అద్దం వదిలేయండి సార్, ఇటు తిరగండి. మీ కుడి భుజం ఏదీ?"

ఆయన భుజం తట్టుకుని చూపించారు.

"బిళ్ళలో ఆ భుజం వైపున్న సగం మీద వేలు పెట్టండి. ఏం తగులుతోంది?"

ఆయన తల వంచి, వేలితో తడిమారు. కాసేపటికి ముఖం విప్పారింది. "కంకి," అన్నారు. "కంకే తల్లీ."

"మరి నాకు ఎడమవైపేగా వచ్చింది," అంటూ దివిసీమ ఆయన కూడా ఒకటి పెట్టుకుని, బావ పక్కన నిలబడ్డారు. బయట కార్మికులు వరస కట్టి ఉన్నారు. ఓనరుగారు బిళ్ళల పెట్టె రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నా దగ్గరికి రాబోయి, ఆగి, అమ్మాయి వైపు తిరిగారు.

"ఏమ్మా, మిగతావి పంచెయ్యమంటావా?"

"పంచండి సార్," అంది.